ఫిరంగి ముందు ఏనుగు ఎన్నిసార్లు బెదరాలి?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం. రెండేళ్లుగా ఆదివారాలు బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో యుద్ధం ఆట ఆడుతున్నాం. బొమ్మల్లో కొన్నవి కొన్ని, అట్టతో చేసుకున్నవి కొన్ని. ఈ మధ్య 1565 నాటి తళ్లికోట యుద్ధాన్ని ఆడాలని, మా మామూలు నియమాలకు పదకొండు సొంత నియమాలు చేర్చుకున్నాం. వాటిలో ఏనుగుల నియమం గొడవ తెచ్చింది. మా ఆటలో ఫిరంగి 24 అంగుళాల దూరం పేలుతుంది, ఏనుగుల దళం ఒక టర్న్‌లో 8 అంగుళాలు నడుస్తుంది. ఫిరంగికి మూడు పాచికలు వేస్తాం. 5 గానీ 6 గానీ పడితే దెబ్బ తగిలినట్టు. ఆరు దెబ్బలకు ఏనుగుల దళం పోతుంది. తగిలిన ప్రతి దెబ్బకూ ఇంకో పాచిక వేస్తాం. 1, 2, 3లలో ఏది పడినా ఏనుగులు బెదిరి తమ సైన్యం మీదికే తిరుగుతాయి. మూడు ఆటలు ఆడితే మూడింటిలోనూ విజయనగరమే ఓడింది. ప్రతి ఆట తర్వాతా విరుగుడుగా మరో రెండు మూడు నియమాలు మార్చాం. విజయనగరం పక్షాన ఆడే మిత్రుడు విసుగెత్తి రావడం మానేశాడు. నియమం ఎలా రాయాలి, అది సరిగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి, మార్చడం ఎప్పుడు ఆపాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా మీ ఏనుగుల లెక్క చూద్దాం, ఎందుకంటే గొడవంతా అక్కడే పుట్టింది. దెబ్బ తగిలినప్పుడు ఏనుగు సగం సార్లు బెదురుతుందని మీరు రాసుకున్నారు. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంది. వింటున్న నలుగురూ సగానికి సగం అనే అనుకుని ఒప్పుకుని ఉంటారు. అయితే ఆట జరిగేటప్పుడు ఆ పాచిక ఒక్కసారి పడి ఊరుకోదు. ఫిరంగి వేసే ఒక్కో పాచికకూ దెబ్బ తగిలే అవకాశం ఆరింట రెండు, అందులో సగం బెదురు. అంటే ప్రతి పాచికకూ ఆరింట ఒక వంతు ఏనుగు బెదిరే అవకాశం ఉంది. మూడు పాచికల్లో ఒక్కటి కూడా బెదరగొట్టకుండా ఉండే అవకాశం 216లో 125, సుమారు 58 శాతం. ఏనుగు 24 అంగుళాల దూరాన్ని 8 అంగుళాల చొప్పున దాటాలి గనుక ఫిరంగికి మూడు పేల్పులు దొరుకుతాయి. ఆ మూడింటినీ బెదరకుండా దాటగలిగేది నూటికి 19 సార్లు మాత్రమే. మిగతా 81 సార్లు ఏనుగు వెనక్కి తిరిగి సొంత మనుషుల్నే తొక్కుతుంది. రెండు ఫిరంగులు ఒకే దళం మీద పేలితే ఆ సంఖ్య 96కు చేరుతుంది. మీరు సగం అనుకుని రాసిన నియమం బల్ల మీద దాదాపు ప్రతిసారీ అన్నట్టుగా పనిచేసింది. మీ మిత్రుడు ఆ అంకెల్ని లెక్కగట్టి ఉండకపోవచ్చు గానీ, మూడు ఆదివారాలు వాటిని అనుభవించాడు.

సొంత నియమాలు రాసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నియమాన్ని ఒక్కసారి జరిగే సంఘటనగా ఊహించుకుని రాస్తాం, ఆటలో అది పదే పదే జరుగుతుంది. కాబట్టి ఏ నియమం రాసినా, ఒక ఆట మొత్తంలో ఇది ఎన్నిసార్లు అమలవుతుందని ముందే అడగండి. పాచిక మీద ఒక్క అంకె మార్చడం చిన్న మార్పని కూడా అనుకోకండి. 5 గానీ ఆపైన గానీ పడితే తగిలేదాన్ని 4 గానీ ఆపైన గానీ పడితే తగిలేలా మారిస్తే దెబ్బలు ఒకటిన్నర రెట్లవుతాయి. 3 నుంచి తగిలేదాన్ని 2 నుంచి తగిలేలా చేస్తే పెరిగేది పావు వంతే. రెండు చోట్లా మీరు మార్చింది ఒక్క అంకే, ఫలితాలు మాత్రం ఒకటి కావు.

ఇక నియమం ఎలా రాయాలన్న మొదటి ప్రశ్న. పాచికల సంగతి ఎత్తకముందే, ఈ నియమం వల్ల ఆటగాడు ఏ విషయంలో ఆలోచనలో పడాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. నా దృష్టిలో సొంత నియమానికి అసలైన కొలత అదే. గెలుపోటములు ఆ తర్వాత వస్తాయి. తళ్లికోటలో విజయనగరం పక్షాన ఆడేవాడు ఏనుగుల్ని ఫిరంగుల మీదికి నేరుగా తోలాలా, పక్కనుంచి తిప్పి తేవాలా, లేక ఫిరంగుల్ని కాల్బలం ఆక్రమించేదాకా వెనకే ఉంచాలా అన్నది తేల్చుకోలేక కాసేపు బల్ల వైపు చూస్తూ ఉండిపోవాలి. మీ ఇప్పటి నియమంలో నూటికి 81 సార్లు ఏనుగు తిరగబడుతుంది గనుక తెలివైన ఆటగాడు దాన్ని కదపడు. అంత ఖరీదైన బొమ్మలు బల్ల చివర నిలబడి ఉంటాయి. బెదురును మరీ తగ్గిస్తే అందరూ అన్ని ఏనుగుల్నీ ముందుకు తోలేస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆటగాడికి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. చరిత్రకు ఎంత దగ్గరగా రాసిన నియమమైనా, ఆలోచించే పని లేకుండా చేస్తే నేను దాన్ని పక్కన పెడతాను.

చరిత్ర ఏం చెబుతోందన్నదీ చూడాలి గదా. తళ్లికోట కథనాల్లో ఎక్కువగా వినబడేది చరిత్రకారుడు ఫెరిష్తా కథనం. ఆయన బీజాపూరు ఆస్థానంలో ఉంటూ, యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాల తర్వాత రాశాడన్నది గుర్తుంచుకుని చదవాలి. ఆయన చెప్పిన ప్రకారం అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా ఫిరంగులు మధ్యలో బారులు తీరాయి. శత్రువు దగ్గరికి వచ్చాక వాటిలో రాగి నాణేలు కూరి పేల్చారు. వృద్ధుడైన రామరాయలు పల్లకి మీద ఉండగా, నిజాం షా పక్షపు ఏనుగు ఒకటి మీదికి రావడంతో బోయీలు పల్లకి వదిలి పారిపోయారు, ఆయన శత్రువులకు చిక్కాడు. తల నరికి ఎత్తి చూపగానే సైన్యం చెదిరిపోయింది. ఈ కథనం నుంచి మీ ఆటకు మూడు విషయాలు దొరుకుతాయి: ఫిరంగి దూరం నుంచి కంటే దగ్గర నుంచి ఘోరంగా కొట్టాలి, ఏనుగు ప్రమాదకరమే గానీ అది రెండు పక్షాలకూ ఆయుధం కావాలి, సేనాని పడిపోతే సైన్యం నిలవకూడదు. పదకొండు సొంత నియమాలు అక్కర్లేదు. ఈ మూడే ఉంచి మిగతా ఎనిమిదింటినీ ఒక కాగితం మీద రాసి దాచండి. అవి నచ్చక చెబుతున్న మాట కాదు. పదకొండు కొత్త నియమాలు ఒకేసారి బల్ల మీదికి వస్తే, తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఏనుగుల నియమానికి నేను సూచించే మార్పు చిన్నది. దెబ్బ దెబ్బకూ పాచిక వేయడం మానేసి, ఒక టర్న్‌లో ఎన్ని ఫిరంగులు పేలినా, తగిలింది ఒక్క దెబ్బైనా ఎక్కువైనా, టర్న్ చివర ఒక్కసారే బెదురు పాచిక వేయండి (దెబ్బే తగలకపోతే పాచిక లేదు); 1 గానీ 2 గానీ పడితేనే ఏనుగు బెదురుతుంది. ఒక ఫిరంగి ముందు మూడు టర్న్‌ల నడకలో ఏనుగు బెదిరే అవకాశం అప్పుడు 55 శాతానికి దిగుతుంది, రెండు ఫిరంగుల ముందు, ఆరు దెబ్బలకు దళం పోయే సంగతి పక్కన పెడితే, 66 శాతం. ఒక్క 1 పడితేనే బెదరాలని రాస్తే ఒక ఫిరంగి ముందు అది 31 శాతమే అవుతుంది. నేనైతే 55 దగ్గర మొదలుపెడతాను. నేరుగా తోలడం సాహసంగా మిగిలేదీ, పక్కనుంచి తిప్పడానికి అర్థం ఉండేదీ ఆ చుట్టుపక్కలే. ఇక బెదిరిన ఏనుగు ఎప్పుడూ సొంత సైన్యం మీదికే తిరగాలన్న నియమం మార్చి, ఎటు పోతుందో పాచికకు వదిలేయండి. క్రీస్తుపూర్వం 202లో జామా యుద్ధంలో రోమన్లతో పోరాడిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఏనుగుల్లో కొన్ని వెనుదిరిగి సొంత గుర్రపు దళాన్నే చెదరగొట్టాయి, కొన్ని రోమన్లు తమ వరుసల మధ్య ముందే వదిలిపెట్టిన దారుల్లోంచి నేరుగా దూసుకుపోయాయి. ఏనుగు మీదికి వస్తున్నప్పుడు ఎదుటి పక్షం దారి వదలడానికి మీ ఆటలో వీలు కల్పిస్తే ఆ ఆటగాడికీ ఆలోచించే పని దొరుకుతుంది: దారి వదిలితే వరుస బలహీనపడుతుంది, వదలకపోతే తొక్కుడు తప్పదు.

పరీక్షించే తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు మూడు పూర్తి ఆటల్ని ఒక నియమం కోసం ఖర్చు చేశారు. పూర్తి ఆట అన్నది చాలా ఖరీదైన పరీక్ష. ఒక మధ్యాహ్నం పోతుంది, చేతికి వచ్చేది ఒక్క ఫలితం. దానికి బదులు బల్ల మీద ఒక ఏనుగుల దళాన్నీ, ఒక ఫిరంగినీ, ఏనుగుల వెనక రెండు కాలిబంట్ల దళాల్నీ మాత్రమే పెట్టి, ఏనుగును 24 అంగుళాల నుంచి నడిపించండి. ఫిరంగిని చేరినా, బెదిరినా, చచ్చినా ఒక గీత గీసి మళ్లీ మొదలుపెట్టండి. గంటలోపు ముప్పై సార్లు ఆడవచ్చు. నేను చెప్పిన లెక్క ప్రకారం ముప్పైలో పదహారు పదిహేడు సార్లు ఏనుగు బెదరాలి. పన్నెండు వచ్చినా, ఇరవై ఒకటి వచ్చినా పాచికల స్వభావమే అనుకుని ముందుకు సాగండి. లెక్క ముందే తెలిసినప్పుడు ముప్పై సార్లు ఆడటం దేనికని అడగవచ్చు. లెక్కకు అందని ప్రశ్నలు ఆ ముప్పైలోనే బయటపడతాయి. బెదిరిన ఏనుగు బల్ల అంచు దాటితే తిరిగి వస్తుందా? దాని దారిలో రెండు దళాలుంటే రెంటినీ తొక్కుతుందా, మొదటిదానితో ఆగుతుందా? మావటి దాన్ని మళ్లీ అదుపులోకి తెచ్చుకోగలడా, తెచ్చుకుంటే ఏ టర్న్‌లో? మీ ఉత్తరంలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పూర్తి ఆట నడుస్తుండగా గెలుపు అంచున ఇలాంటి ప్రశ్న లేస్తే స్నేహాలే చెడతాయి. ఎవరూ గెలవని ఓడని చిన్న పరీక్షలో అదే ప్రశ్న లేస్తే నలుగురూ నిదానంగా మాట్లాడుకుంటారు.

మూడు ఓటముల సంగతి కూడా పాచికలతోనే చూడండి. రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్న ఆటలో కూడా వరుసగా మూడు ఆటలు ఒకే పక్షం గెలవడం నాలుగుసార్లకు ఒకసారి జరుగుతుంది. పది ఆటలు ఆడినా, సమానమైన పక్షాల మధ్య 7–3 గానీ అంతకన్నా పెద్ద తేడా గానీ రావడం మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువే. పైగా మీరు ఆడినవి మూడూ ఒకే ఆట కాదు. ప్రతిసారీ రెండు మూడు నియమాలు మారాయి. కాబట్టి ఆ మూడు ఫలితాల్ని లెక్కలోంచి తీసేయండి. ఏనుగుల నియమం తప్పని మనకు తెలిసింది ఆ ఫలితాల వల్ల కాదు, కాగితం మీది లెక్క వల్ల. ఇకపై పూర్తి ఆట ఆడినప్పుడు అదే మోహరింపుతో, అదే నియమాలతో పక్షాలు మార్చుకుని వెంటనే రెండోసారి ఆడండి. ఓడింది విజయనగరమా, లేక విజయనగరం పక్షాన ఎప్పుడూ ఆడే మనిషా అన్నది అప్పుడు గానీ తెలియదు.

విజయనగరం గెలిచే అవకాశం సగం ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. చరిత్రలో ఓడిన పక్షాన్ని సమానం చేయడానికి నియమాల్ని వంచితే యుద్ధం రూపమే మారిపోతుంది. గెలుపు అంటే ఏమిటన్నది మార్చడం అంతకంటే మేలు. ఉదాహరణకు, ఎనిమిదో టర్న్ ముగిసేసరికి రామరాయల దళం బల్ల మీద నిలిచి ఉంటే విజయనగరం గెలిచినట్టే అని రాసుకోండి. మీ మిత్రుడు సగం సైన్యాన్ని పోగొట్టుకుని కూడా తల ఎత్తుకుని ఇంటికి వెళ్లగలడు.

నా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పాలి. 1757 జూన్ 23 నాటి ప్లాసీ యుద్ధంలో వాన పడి నవాబు పక్షం మందుగుండు తడిసింది, ఇంగ్లీషు వాళ్లు టార్పాలిన్లు కప్పి తమది కాపాడుకున్నారు. ఆ యుద్ధాన్ని ఆడటానికి నేనొక నియమం రాశాను: ప్రతి టర్న్ మొదట ఒక పాచిక, 6 పడితే వాన, నవాబు తుపాకులూ ఫిరంగులూ ఆ రోజంతా మూగబోతాయి. మొదటి ఆటలో మొదటి పాచికకే 6 పడింది. ఎదుటి ఆటగాడు మరో రెండు గంటలు, తాను చేయగలిగిందేమీ లేకుండా, మర్యాద కోసం కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. తర్వాత నియమాన్ని తిరిగి రాశాను: మొదటి టర్న్‌లో మబ్బు కమ్ముతుంది, మూడో టర్న్ నుంచి వాన పడవచ్చు, ఈలోగా ఏ దళమైనా ఒక టర్న్ కదలకుండా ఉంటే మందు కప్పుకోవచ్చు. వాన పడే అవకాశాన్ని నేనేమీ తగ్గించలేదు. రాబోయేది తెలిసి దానికి ఏదో చేసుకునే వీలు మాత్రం ఆటగాడికి దొరికింది. మీ ఏనుగులకూ అంతే. బెదురు పాచిక పడేముందు మావటి ఆగిపోయే వీలు, వెనకున్న కాలిబంట్లు పక్కకు జరిగే వీలు ఉంటే, పాచిక ఎంత చెడ్డగా పడినా ఆటగాడు పాచికను తిట్టుకుంటాడే గానీ నియమం రాసినవాణ్ని తిట్టడు.

ఆట మధ్యలో వాదన వస్తే ఎవరు తీర్పు చెప్పాలన్నదీ ముందే అనుకోండి. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్ రైస్‌విట్జ్ 1824లో ప్రచురించిన యుద్ధక్రీడలో రెండు పక్షాల మధ్య ఒక మధ్యవర్తి ఉండేవాడు. నియమాలు పెరిగి పెరిగి ఆట నత్తనడక పట్టాక, 1876లో వెర్డీ దు వెర్నువా అనే అధికారి పాచికల పట్టికల్ని చాలావరకు పక్కన పెట్టి, అనుభవం ఉన్న మధ్యవర్తి తీర్పే చాలన్నాడు. మీరు నలుగురు కనుక పరీక్ష ఆటల్లో ఒకరు ఆడకుండా మధ్యవర్తిగా కూర్చోండి, వంతులవారీగా. ఆయన చేతిలో ఒక నోటుబుక్కు ఉండాలి. నియమంలో లేని ప్రశ్న లేచినప్పుడు ఆయన వెంటనే ఒక తీర్పు చెప్పి, ప్రశ్నను రాసుకుని, ఆట సాగనివ్వాలి. చర్చ ఆట ముగిశాకే. ఆడుతుండగా నియమం మార్చడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మనలో చాలామంది చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడుతూ దీన్ని నేర్చుకున్నాం: ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లకూడదన్న నియమం కొన్ని ఇళ్లలో ఉంటుంది, కొన్నిళ్లలో ఉండదు, ఏ ఇంటి నియమమైనా గవ్వలు వేయకముందు చెబితే చెల్లుతుంది, ఓడిపోతున్నవాడు మధ్యలో గుర్తు చేస్తే చెల్లదు.

మధ్యవర్తి ఆ నోటుబుక్కులో ప్రతి టర్న్‌కూ ఎంతసేపు పట్టిందో కూడా రాయాలి. 1913లో బొమ్మ సైనికుల ఆట గురించి పుస్తకం రాసిన హెచ్.జి. వెల్స్, ఆటగాళ్లు ఎత్తు వేయడానికి మరీ ఆలస్యం చేస్తున్నారని గమనించి ప్రతి ఎత్తుకూ గడువు పెట్టాడు. ఒక నియమం న్యాయంగా ఉండి కూడా, ప్రతి టర్న్‌లో ఐదు నిమిషాలు పాచికలు లెక్కపెట్టిస్తే అది నిలవదు.

ఇప్పుడు మీ మిత్రుడి సంగతి. ఆయన్ని ఆట ఆడటానికి కాదు, నియమాన్ని పగలగొట్టడానికి పిలవండి. ఏనుగుల నియమం రాసిన మీరు విజయనగరం పక్షాన కూర్చోండి, ఆయనకు ఫిరంగులు ఇవ్వండి. నియమంలో ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి, సిగ్గుపడకుండా వాడుకోమనండి. ఫిరంగుల్ని ఒకే చోట గుంపుగా పెడతాడా, ఏనుగులు తిరిగే దారి చూసి ముందే గుర్రాలు మోహరిస్తాడా, బెదిరిన ఏనుగును కావాలనే తన వైపు రానిచ్చి లాభం పొందుతాడా, అన్నీ చూడండి. నియమం రాసినవారికి దాని ఉద్దేశం తెలుసు కాబట్టి తెలియకుండానే ఆ ఉద్దేశం ప్రకారమే ఆడతారు. నియమం మీద కోపం ఉన్నవాడు కాగితం మీది అక్షరం ప్రకారం ఆడతాడు. మీ నలుగురిలో ఏనుగుల నియమాన్ని నిజంగా పరీక్షించగలిగేది ఆయనే. ఈ మాట ఆయనకు చెప్పి పిలిస్తే వస్తాడనే నా నమ్మకం.

ఆ తర్వాత మీ మూడు నియమాల్నీ ఒకే పేజీలో శుభ్రంగా రాసి, మీ బృందంలో లేని, ఇలాంటి ఆటలు కొంత తెలిసిన ఇద్దరికి ఇవ్వండి. వాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఇది చాలా కష్టమైన పని. తప్పుగా ఆడుతుంటే చెప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది. వాళ్లు ఎక్కడ ఆగి మీ వైపు చూశారో, ఏ వాక్యాన్ని రెండుసార్లు చదివారో రాసుకోండి. వాళ్లు తప్పు చదివిన చోట ఆ తప్పు మీ వాక్యానిదే.

మార్చడం ఎప్పుడు ఆపాలని అడిగారు. ఒకసారికి ఒక్క నియమమే, అందులోనూ ఒక్క అంకెనో ఒక్క వాక్యాన్నో మాత్రమే మార్చండి. మార్చిన ప్రతిసారీ చిన్న బల్ల పరీక్ష మళ్లీ చేయండి. వరుసగా రెండు పూర్తి ఆటల్లో మధ్యవర్తి నోటుబుక్కులో కొత్త ప్రశ్న ఏదీ చేరకపోతే, విజయనగరం ఆటగాడు రెండు ఆటల్లోనూ ఏనుగుల్ని ఒకేలా వాడకపోతే, ఆ పేజీ మీద తేదీ వేసి నలుగురూ సంతకాలు పెట్టండి. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, ఆ తర్వాత ఆరు ఆటల వరకు దాని జోలికి వెళ్లకండి. దాచిపెట్టిన ఎనిమిది నియమాల్లోంచి మరొకటి తీయాలనిపిస్తే ఏడో ఆటకు తీయవచ్చు. అప్పుడు కూడా ఒక్కటే.